నలభై ఒకటో ఏట కొత్త నాప్

నలభై దాటిన ఆడమనిషి మంచి జోడా వేసుకొని బయటికొస్తే మా కల్వకుర్తిలో రెండు ప్రశ్నలు ఎదురొస్తయి. ఎవరి షాదీ? షాదీ లేదంటే, మరి ఎవరి కోసం? ఆమెకు మీటింగు ఉండొచ్చని, ఆ మీటింగులో పదిమంది మొగవాళ్ల మధ్య తన మాట చెప్పుకోవాల్సి ఉంటదని ఎవరికీ తోచదు. నలభై దాటిన ఆడమనిషికి కడుపు వస్తే మాత్రం ప్రశ్నలుండవు. దుపట్టా నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతరు. ఈ రెండూ నాకు ఒకే నెలలో వచ్చినయి.

2019 వేసవి. నాకు 41 ఏండ్లు. బిడ్డ ఇంటర్ ఫస్టియర్ పరీక్షలు రాసింది, కొడుకు ఎనిమిదో తరగతికి వచ్చిండు. ఏప్రిల్‌లో నెల తప్పితే, ఇక మాహవారీ ఆగిపోయే ఉమర్ మొదలైందేమో అనుకున్న. పదిరోజులు చూసి మెడికల్ షాపు నుంచి కిట్ తెప్పిస్తే రెండు గీతలు. మా షోహర్ దాన్ని కిటికీ కాడికి తీస్కపోయి, బ్యాంకు పాసుబుక్కులో ఎంట్రీ చూసినట్టు తిప్పి తిప్పి చూసిండు. ఆయన ముఖంలో ఖుషీ, గాబ్రా రెండూ ఉన్నయి. నాకు మొదట గుర్తొచ్చింది బిడ్డ ముఖం. తర్వాత, నెలాఖరుకు హైదరాబాద్‌లో ఉన్న రివ్యూ మీటింగు.

ఆ మీటింగు సంగతి చెప్పాలె. అచ్చయిన వార్తను స్కేలుతో కొలిచి, లైన్ అకౌంట్ కింద డబ్బులిచ్చే కంట్రిబ్యూటర్‌గా నేను ఈ పనిలోకి వచ్చిన. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, డిగ్రీ తెలుగు సాహిత్యం. "అలీఫ్ బే చదివిన పిల్ల మనకు తెలుగు వార్తలు రాస్తదా" అన్నవాళ్ల ముందే స్టాఫ్ రిపోర్టర్నైన. 2016 అక్టోబర్‌లో పాత మహబూబ్‌నగర్‌ను విడదీసి నాగర్‌కర్నూల్ జిల్లా చేసిండ్రు. కల్వకుర్తి అందులో కలిసింది. కొత్త జిల్లాకు కొత్త బ్యూరో, బ్యూరోకు ఒక ఇన్‌ఛార్జి కుర్చీ. 2019లో ఆ కుర్చీ ఖాళీ అయింది. ఎవరికియ్యాలో ఆ మీటింగులో తేలుస్తమన్నరు. రేసులో ముగ్గురం. ఆడమనిషిని నేనొక్కదాన్నే.

చట్టం నాకు తెలియంది కాదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, జీతంతో సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచినప్పుడు ఆ వార్త నేనే రాసిన. అప్పటికే ఇద్దరు పిల్లలున్న తల్లికి మాత్రం 12 వారాలే అన్న వాక్యం కూడా నేనే రాసిన. ఎవరి గురించో రాసిన వాక్యం రెండేండ్లకు నా ఇంటికొచ్చింది. కడుపుతో ఉన్నదని నౌకరీలోంచి తీసెయ్యొద్దని అప్పుడు అదే చట్టంలో ఉండె. కానీ ఇయ్యాల్సిన కుర్చీ ఇయ్యకుంటే దేన్ని పట్టుకొని అడుగుతం? ఫలానాయనకు అనుభవం ఎక్కువ అంటరు, మీకు తర్వాత చూద్దాం అంటరు. ఒక్క కాగితం మీద కూడా కడుపు అనే మాట ఉండదు.

ఇంకో సంగతి కూడా ఉన్నది. కొడుకు తర్వాత ఒకటి తొమ్మిదో వారంలో పోయింది. అప్పుడు ససురాల్‌లో రెండో నెలకే అందరికీ ఖబర్ చేరింది. తర్వాత ముబారక్ చెప్పడానికి వచ్చినవాళ్లకు, ఫోన్ చేసినవాళ్లకు, బస్టాండులో కలిసినవాళ్లకు ఒక్కొక్కరికి 'లేదు' అని చెప్పుకుంట నెల గడిపిన. డాక్టరమ్మ ఈసారి ఫోలిక్ యాసిడ్ రాసి, 40 దాటితే గర్భం నిలవకపోయే భయం ఎక్కువని, 11 వారాలు దాటినంక ఎన్.టి. స్కాన్ చేద్దామని చెప్పింది. ఆ స్కాన్ దాకా ఈ ఖబర్ మా ఇద్దరిదే అనుకున్నం.

మా ఇండ్లల్ల 'హమల్' అనే మాట నోటితో అనరు. 'ఉమ్మీద్ సే హై' అంటరు, ఆశతో ఉన్నదని. లేకుంటే 'పావ్ భారీ', కాలు బరువైందని. తెలుగులో నెల తప్పింది, నీళ్లుపోసుకున్నది, కడుపుతో ఉన్నది అంటరు. డిగ్రీలో ఈ పలుకుబళ్లన్నీ పరీక్షకు రాసిన. అన్నీ పక్కవాళ్లు చెప్పుకునే మాటలే, చూస్తే ఆమె తనంత తాను అనుకునేటందుకు ఒక్కటీ లేదు. నాకైతే 'ఉమ్మీద్ సే' అన్నదే నచ్చింది. ఆశ అన్నప్పుడు అది నెరవేరకపోయే బాధ కూడా అందులోనే ఉంటది గదా.

ఇక బట్టల మాట. మూడు నెలల దాకా ఏమీ కనిపించదని పెద్దవాళ్లు చెప్తరు. గర్భసంచి 12 వారాల దాకా కటి ఎముకల లోపలే ఉంటదనేది నిజం. కానీ హార్మోన్లతో పేగులు నెమ్మదిస్తయి, పొట్ట ఉబ్బుతది, ఛాతీ బరువెక్కుతది. మూడో కాన్పుకు ఇదంతా ఇంకా ముందే మొదలైతది. పొద్దున సరిపోయిన షల్వార్ నాడా సాయంత్రానికి నడుముకు ఎర్రటి గీత పెడ్తుండె. పాత కుర్తాలకు చాతీ దగ్గర గుండీల మధ్య నోరు తెరుచుకుంటుండె. అట్లాంటి కుర్తాను దుపట్టాతో కప్పుకుంట, మాటిమాటికి సర్దుకుంట మాట్లాడితే, ఎదుటివాళ్లు మన మాట వినరు. చెయ్యి ఎటు పోతుందో చూస్తరు.

మా దగ్గర మొగ దర్జీకి ఆడవాళ్లు టేపుతో నాప్ ఇయ్యరు. బాగా కుదిరిన పాత బట్టలు పంపుతరు. దాన్నే నాప్ కా జోడా అంటం. నాది మెరూన్ రంగుది, ఎనిమిదేండ్లుగా అదే పోయివస్తుండె. దాన్ని పంపి "ఇంతకంటే వదులు చెయ్యండి" అని కబురు పెడితే సగం మొహల్లాకు తెలిసినట్టే. అందుకని ఇంట్లో కూర్చొని సిలాయి చేసే ఒక ఆపా దగ్గరికి పోయిన. అది మే నెల, రంజాన్ మొదలైంది. పదిహేనో రోజా దాటితే ఏ దర్జీ కొత్త బట్ట ముట్టడని మీకు తెలుసు. కానీ రంజాన్ నెలలో కొత్త జోడా కుట్టించుకునే ఆడదాన్ని ఎందుకని ఎవరూ అడగరు. అల్లా ఆ నెలను నాకోసమే పంపిండనిపించింది.

రెండు గుడ్డలు తీస్కపోయిన. ఒకటి పత్తర్‌గట్టీలో కొన్న ముదురు నీలం కాటన్ సిల్క్. రెండోది నారాయణపేట చీర, సన్నగళ్లది, అమ్మీ ఇచ్చింది. మన పాలమూరు నేత ఎండకు చల్లగా ఉంటది, ఇస్త్రీ చేస్తే నిలబడతది. ఆ చీరను కుర్తా చేస్తున్ననంటే అమ్మీ మూడురోజులు మాట్లాడలేదు. నాకైతే బీరువాలో మడతపెట్టి దాచిన చీర కంటే ఒంటిమీద ఉన్న కుర్తానే ఇజ్జత్ అనిపించింది.

ఆపాకు ఇట్ల చెప్పిన. నడుము దగ్గర టక్కులు వద్దు. ఛాతీ కిందినుంచి కలీలు వేసి ఘేర్ మెల్లగా తెరుచుకోవాలె. తెరుచుకోవాలె గానీ గుడారం కావొద్దు, భుజాలు మాత్రం సరిగ్గా కూర్చోవాలె. భుజం దగ్గర సరిగ్గా ఉంటే కింద ఎంత వదులున్నా మనిషి నిటారుగా కనిపిస్తది. చాక్ కొంచెం కిందికి. ఆస్తీన్ మోచేతి కిందిదాకా. అస్తర్ మెత్తటి మల్‌మల్. షల్వార్ నేఫాలో నాడా తీసేసి వెడల్పు ఇలాస్టిక్. దుపట్టాను కుచ్చిళ్లు పెట్టి ఇస్త్రీ చేసి ఒక భుజానికి పిన్ను పెడ్తే ఇక చేతులతో దానికి పని ఉండదు. చెప్పులు అంగుళం మడమవి చాలు. పూసుకోనిది ఒక్క అత్తరే. నేను ఇష్టపడే హినా అత్తరు ఆ నెలల్లో మూత తీస్తేనే కడుపులో తిప్పుతుండె.

మా ఖాలాకు మాత్రం ఈ ఖర్చు అర్థం కాలేదు. "బుర్ఖా హై నా, కిస్కు దిఖ్తా?" అన్నది. బుర్ఖా ఉన్నది నిజమే. కల్వకుర్తి బస్టాండ్ నుంచి ఇమ్లీబన్ దాకా బుర్ఖాలోనే పోత, దాంట్లో నాకు ఆరామ్ ఉన్నది. కానీ మీటింగు హాలు బయట దాన్ని మడిచి బ్యాగులో పెట్టుకునే అలవాటు నాకు మొదటినుంచీ ఉన్నది. ఈ ఒక్క మీటింగులో తియ్యకుండ కూర్చుంటే, అదే పెద్ద ఎలాన్ అయితది! ఖాలాకు కడుపు కనిపించకుంటే చాలు. నాకు అది చాలదు. నేను కనిపించాలె. ఖబర్ మాత్రం నా దగ్గరే ఉండాలె.

కడుపుతో ఉన్న ఆడదాని బట్టల గురించి పత్రికలకు షర్మ్ ఈనాటిది కాదు. న్యూయార్క్‌లో లేన్ బ్రయంట్ దుకాణం పెట్టిన లీనా బ్రయంట్ 1900ల మొదట్లోనే గర్భిణులు బయటికి వేసుకొని పోయే డ్రెస్సులు కుట్టి అమ్మింది. 1911లో గానీ ఒక పేపరు ఆ ప్రకటన అచ్చేయలేదు. మన దగ్గర చూస్తే, ఫరా ఖాన్ 2008లో 43 ఏండ్లకు ముగ్గురు పిల్లల్ని కన్నది. హైదరాబాద్ బిడ్డ సానియా మీర్జా 2018 ఏప్రిల్‌లో ఖబర్ తానే లోకానికి చెప్పి అక్టోబర్‌లో కొడుకును కన్నది. వాళ్లు చెప్పినా లోకం ముబారక్ అంటది, చెప్పకున్నా కెమెరా చూస్తది. నా మీదికి కెమెరాలేం రావు. కానీ మా గల్లీలో ఒక్కో దర్వాజాకు రెండు కండ్లుంటయి.

డాక్టరమ్మ రోజాలు వద్దన్నది. కాన్పయినంక ఖజా ఉంచుకోవచ్చు, దీన్‌లో ఆ ఆసానీ ఉన్నది. మే నెలాఖరుకు, ఎన్నికల ఫలితాలొచ్చిన వారంలో మీటింగు. 40 డిగ్రీలు దాటిన ఎండ. వెల్దండ, ఆమన్‌గల్, కడ్తాల్ దాటేదాకా నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకొనే కూర్చున్న. ఆఫీసులో లేడీస్ టాయిలెట్‌లో నిలబడి రెండు బిస్కెట్లు తిన్న, మూతి తుడుచుకొని లిప్‌స్టిక్ దిద్దుకున్న. నీలం కుర్తా ఒక్క మడత పడలేదు.

హాల్లోకి పోంగనే ఒక తోటి రిపోర్టర్ "మేడం, ఈ మధ్య మస్తు స్టైల్‌గా వస్తున్నరు, ఏంది సంగతి?" అన్నడు. "జీతం పెంచుతరేమోనని అన్నా" అన్న. అందరూ నవ్విండ్రు. టీ వచ్చినప్పుడు "మేడంకు వద్దు, రోజా" అని ఆయనే బాయ్‌ని పంపేసిండు. నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఆ టీ వాసన నా ముందునుంచి పోయినందుకు ఆయనకు మనసులో దువా చేసిన. ముఖం వాడిపోయిందన్నా, గొంతు ఎండిపోయిందన్నా ఆ రోజు దానికి జవాబు వాళ్ల దగ్గరే తయారుగా ఉన్నది.

నన్ను అడిగినయి రెండే. రాత్రి పది దాటినంక పేజీలు పంపేదాకా ఉండగలరా? నల్లమల వైపు పోవాల్సి వస్తే? పద్నాలుగేండ్లలో నేను ఎన్ని రాత్రులు ఎక్కడెక్కడ ఉన్ననో తారీఖులతో చెప్పిన. కల్వకుర్తి లిఫ్ట్ కాలువల మీద రాసిన వరుస కథనాల ఫైలు టేబుల్ మీద పెట్టిన. చేతులు రెండూ ఫైలు మీదనే ఉన్నయి. మిగతా ఇద్దరినీ ఈ రెండు ప్రశ్నలు అడగలేదని తర్వాత తెలిసింది.

ఈద్ తర్వాత వారం ఆర్డరొచ్చింది. కుర్చీ నాకే. అటెన్క పదిరోజులకు స్కాన్. తెరమీద అది కాళ్లు ఆడిస్తుంటే మా షోహర్ మళ్లీ అదే పాసుబుక్కు చూపు చూసిండు. మొదట బిడ్డకు చెప్పిన. ఆమె కాసేపు ఊకుండి, "అమ్మీ, కాలేజీల ఎవరికీ చెప్పకు" అన్నది. పదిహేడేండ్లది, ఆమె షర్మ్ ఆమెది. రాత్రి మాత్రం వచ్చి నా పక్కన పండుకున్నది.

ఆఫీసులో పై సార్‌కు నాలుగో నెలలో చెప్పిన. ఆయన అద్దాలు తీసి "ముందే చెప్పొద్దా మేడం?" అన్నడు.

"ముందే చెప్తే ఇస్తుంటిరా సార్?"

ఆయన ఫోన్ తీసి ఎవరికో మెసేజ్ చూసుకున్నడు. తర్వాత, సెలవు 12 వారాలే గదా, ఎవరిని ఇన్‌ఛార్జి పెడ్తవో పేరు చెప్పు అన్నడు. చెప్పిన.

జూలైకి నీలం కుర్తా ఛాతీ దగ్గర పట్టేసింది. సిలాయి ఆపా దగ్గరికి తీస్కపోయి, "ఇది ఇక పనికొస్తదా ఆపా?" అని అడిగిన. ఆమె కుర్తాను తిరగేసి చూపెట్టింది. రెండు పక్కలా బఖియా లోపల రెండేసి అంగుళాల గుడ్డ మడిచి ఉన్నది. మే నెలలో నేను ఆమెకు కలీలు చెప్పిన, చాక్ చెప్పిన, అస్తర్ చెప్పిన. గుడ్డ వదలమని మాత్రం చెప్పలేదు.

"నాప్ తీస్తే తెలీదా బేటా" అన్నది, బ్లేడుతో కుట్టు విప్పుకుంట.