వెనక సీటు

మావాడు మోటారు సైకిలు కొన్నాడు. కరిజ్మా. 2003లో ఆ పేరుతో మొదటి బండి వచ్చినప్పుడు నాకు పెళ్లయిన కొత్త. ఇది 2023లో ఎత్తిన మరో అవతారమట. 210 సి.సి., నీళ్లతో చల్లబడే ఇంజను, ఆరు గేర్లు, ఏబీఎస్... సరుకుల చీటీ చదివినట్టు వాడు చదువుతూంటే, నేను వెనక సీటు కోసం వెతుకుతున్నాను. ఉంది. పిట్టగోడ మీద పీట వేసినట్టు, వాడి సీటుకంటే జానెడు పైన.

"ఇది పందేల బండి కాదమ్మా. దూరం పోయే బండి. గీ అద్దం గాలిని తలమీది కెల్లి తోలేస్తది."

"మరి చీరనో?"

జవాబు లేదు. షోరూంలో బిగించి ఇచ్చిన చీర జాలీ అటకమీద దొరికింది. బండి అందం చెడుతుందని పీకేశాడట! వెనక కూర్చున్నవాళ్ల బట్టలు పడకుండా చక్రానికి కనీసం సగం వరకు అడ్డు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోనే ఉంది. నియమం రాసిన పెద్దమనిషి వాళ్లావిణ్ణి ఎక్కించుకుని తిరిగినవాడే అయివుంటాడు.

బాపుకు యెజ్డీ ఉండేది. మైసూరులో తయారైన 250 సి.సి. బండి. పెట్రోల్లో ఆయిలు కలిపి పోయాలి. కిక్కు కొట్టే కడ్డీనే ముందుకు మడిస్తే గేరు కడ్డీ అయ్యేది. రెండు సైలెన్సర్ల చప్పుడు వీధి మొదట్లోనే వినిపించి, మేం పుస్తకాలు తెరిచేవాళ్లం. అమ్మ ఎడమవైపు తిరిగి, బాపు భుజంమీద చెయ్యేసి కూర్చునేది. చెన్నూరు నుంచి మంచిర్యాల పోయేటప్పుడు గోదావరి దిక్కు, వచ్చేటప్పుడు రెండో దిక్కు చూసేది. ఎదురుగా రోడ్డెలా ఉంటుందో, అన్నేళ్లు ఆ బండెక్కిన మనిషి, చూడనేలేదు. గుంత వచ్చిందని నడుముకే ముందు తెలిసేది.

జాలీ బిగిస్తే తప్ప ఎక్కనన్నాను. తీరా ఎక్కింది మాత్రం పంజాబీ డ్రెస్సులో, అటో కాలు ఇటో కాలు వేసి. నలభై ఆరేళ్ల వయసులో! ఎదురింటి వదిన చూడనట్టే చూసింది.

భీమారం దాటాక తెలిసింది, నేను తిట్టుకున్న ఆ ఎత్తు ఎందుకో. వాడి భుజం మీదుగా రోడ్డంతా నా మీదికే వస్తోంది. బొగ్గు లారీలు, పత్తి చేలు, దూరాన జైపూర్ కరెంటు ప్లాంటు పొగగొట్టం. మిద్దె మీంచి జాతర చూసినట్టుంది. భయం వేసింది, నిజమే. ఆపమనలేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ అరుగుమీదే కూర్చుని ఉంది.

"ఎదురుంగ అంత కనబడ్డదా?" అంది.

"కనబడ్డదమ్మా."

కాసేపు బండినే చూసింది. తర్వాత మనవణ్ణి పిలిచి, "జాలీ గట్టిగనే బిగించినవారా?" అని అడిగింది.