ఎదుటివాడు కదిలేదాకా

మా మనుమడు మధురైలో కాలేజీ చదువుతున్నాడు. చదువు పేరుకే, ప్రాణమంతా చెడుగుడు మీద. పోయిన వేసవి సెలవులకు కోయంబత్తూరులో మా యింటికి వచ్చినవాడు రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. మూడోనాడు మా ఆవిడ గట్టిగా అడిగితే చెప్పినాడు.

"మా కోచ్ నా ఆట చెల్లదన్నాడు అవ్వా. ఊరి పండుగల్లో ఆడుకోవడానికి సరేనంట, లీగుకు పోవాలంటే పనికిరాదంట."

వాడి ఆట ఎట్లాంటిదో చెప్పాలి. కూతకు పోయినప్పుడు వాడు తానుగా ఏమీ చెయ్యడు. మూలనున్నవాడి ముందర నిలబడి కాలు ఆడిస్తూ ఉంటాడు. ఆ మూలవాడు మడమ పట్టుకోవడానికి వంగినాడా, వాడి మీదుగా దూకి వస్తాడు. వంగకుండా వెనక్కి తగ్గినాడా, బోనస్ గీత దాటి కాలు పెట్టి వస్తాడు. ఏం చెయ్యాలో ముందుగా అనుకోవడం లేదు, ఎదుటివాడి కదలికే వాడికి దారి చెప్తుంది. ఈ ఆట వాడికి నేర్పినవాణ్ణి నేనే. సూలూరు పక్కన పత్తి తీసేసిన చేలల్లో నాకు మా నాయన నేర్పినాడు. అందుకే కోచ్ మాట మనుమడికంటే నాకే ఎక్కువగా గుచ్చుకున్నది.

వెంటనే జవాబు చెప్పలేకపోయినాను. అప్పుడు నాకు బాల్టిమోర్ జ్ఞాపకం వచ్చింది.

2019 చివర్లో నేనూ మా ఆవిడా అమెరికాలో మా పెద్దవాడి దగ్గర కొన్ని నెలలు ఉన్నాము. చలికి బయటికి పోయే పని లేదు. ఆదివారమయితే వాడు టీవీ ముందు కూర్చుని వాళ్ళ ఫుట్‌బాల్ చూసేవాడు. మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు, కోలగా ఉండే బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తే ఆట. మొదట నాకు అంతా తోపులాటగానే కనిపించింది. ఒకనాడు మావాడు, "నాయనా, ఇది చూడు, నీ చెడుగుడే" అని 'ఆప్షన్' అనే ఎత్తు వివరించినాడు.

క్వార్టర్‌బ్యాక్ అనేవాడు బంతి అందుకుంటాడు. ఎదుటి జట్టులో ఒకణ్ణి మాత్రం ఎవరూ అడ్డుకోరు, కావాలనే వదిలేస్తారు. ఆ ఒక్కడు పక్కనున్న పరుగువాడి మీదికి పోతే క్వార్టర్‌బ్యాక్ బంతిని తానే ఉంచుకుని ఉరుకుతాడు. తనమీదికి వస్తే బంతిని పరుగువాడికి ఇచ్చేస్తాడు. ఆ ఒక్కడు ఏం చేసినా తప్పే అవుతుంది. నేను కుర్చీలో ముందుకు జరిగినాను. ఇది మా నాయన ఆటే గదా!

బాల్టిమోర్‌కు దగ్గర్లోని అనాపొలిస్‌లో నౌకాదళ అకాడమీ ఉంది. వాళ్ళకు దశాబ్దాలుగా ఇదే ఆట. సైన్యంలో చేరవలసిన పిల్లలు గనుక భారీ దేహాలవాళ్ళు అక్కడ తక్కువ. బలం చాలనిచోట చూపుతో గెలవాలి. ఆ ఏడు వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ మాల్కమ్ పెర్రీ 2,017 గజాలు పరుగెత్తినాడు, ఆర్మీ జట్టు మీద ఒక్కరోజే 304 గజాలు. అయినా 2020లో మయామీ జట్టు అతణ్ణి ఏడో రౌండులో తీసుకున్నది క్వార్టర్‌బ్యాక్‌గా కాదు, బంతి అందుకునేవాడిగా. ఆటగాణ్ణి కావాలన్నారు, అతని ఆటను వద్దన్నారు.

ఎందుకని అడిగితే మావాడు రెండు కారణాలు చెప్పినాడు. ఒకటి, డబ్బు తీసుకుని ఆడేవాళ్ళలో ఆ వదిలేసిన ఒక్కడు కూడా మహా వేగంగలవాడు, ఓపికగలవాడు. తొందరపడి ఒక పక్కకు వాలడు. రెండు, తేల్చుకునేవాడే దెబ్బలూ తినాలి. కోట్లు పోసి తెచ్చిన క్వార్టర్‌బ్యాక్ మోకాలు పోతే జట్టే పోతుంది. వాషింగ్టన్ జట్టులో 2012లో ఒక ఊపు ఊపిన రాబర్ట్ గ్రిఫిన్ 2013 జనవరిలో మోకాలు దెబ్బతిన్నాక మళ్ళీ ఆ మనిషి కాలేకపోయినాడు.

కాని మా కళ్ళ ముందరే బాల్టిమోర్‌లో లామార్ జాక్సన్ ఆ మాటకు ఎదురాడుతున్నాడు. ఆ సీజన్లో అతను 1,206 గజాలు పరుగెత్తినాడు, జట్టంతా కలిసి 3,296 గజాలు. రెండూ అప్పటికి రికార్డులే. 16 ఆటల్లో 14 గెలిచినారు. అందరికీ వెర్రెత్తింది, నాక్కూడా. 2020 జనవరిలో నాకౌట్ ఆటకు టెనెసీ టైటన్స్ వచ్చినారు. మన తెలుగు టైటన్స్ పేరే గదా అని నేను నవ్వినాను. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. 14 పాయింట్లు వెనకబడేసరికి నింపాదిగా పరుగెత్తడానికి సమయం లేకపోయింది. జాక్సన్ 59 సార్లు బంతి విసరవలసి వచ్చింది. 28-12తో ఓడినారు.

ఇదంతా మనుమడికి చెప్పినాను. వాడు శ్రద్ధగా విని, "మా కోచ్ చెప్పేదీ అదే తాతా" అన్నాడు.

మా కాలంలో గడియారం లేదు, ఊపిరి ఉన్నంతసేపు కూత ఉండేది. ఇప్పుడు కూతకు 30 సెకన్లే. జట్టు వరుసగా రెండుసార్లు వట్టిచేతులతో వస్తే మూడోసారి పాయింటు తెచ్చి తీరాలి, లేకపోతే వెళ్ళినవాడు అవుటు. దాన్నే డూ ఆర్ డై అంటారు. ఆ మూడో కూతలో మూలవాడు కదలనే కదలడు. కదలవలసినవాడు వీడేనని వాడికి తెలుసు. ఇద్దరూ ఒకరికోసం ఒకరు కాచుకుంటే గడియారం మూలవాడి పక్షం. దెబ్బల సంగతీ అంతే. 2022లో తమిళ్ తలైవాస్ 2 కోట్ల 26 లక్షలు పెట్టి తెచ్చుకున్న పవన్ సెహ్రావత్ మొదటి ఆటలోనే మోకాలు దెబ్బ తగిలి ఆ సీజన్ అంతా కూర్చోవలసి వచ్చింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎదుటివాడి కోసం కాచుకోవడం మనకు చెడుగుడులో మాత్రమే ఉన్న అలవాటు కాదు. కోయంబత్తూరులో బస్సెక్కినా, మధురై మాసి వీధుల్లో బేరమాడినా, మనం ఎదుటివాడు నోరు తెరిచేదాకా ఆగుతాము. అతను తమిళమంటే తమిళం, తెలుగంటే తెలుగు. తరతరాలుగా ఆ చూపే మనకు అన్నం పెట్టింది, కాదనను. కాని ఎదుటివాడూ మనవాడే అయి, అతనూ అట్లాగే ఆగితే? ఒకసారి మధురై రైల్లో ఒక పెద్దమనిషితో దిండుగల్లు దాకా తమిళంలోనే మాట్లాడినాను. దిగేముందు అతను ఫోనులో కూతురితో, "వచ్చేసినా అమ్మా, స్టేషనుకు రావద్దు" అని తెలుగులో అన్నాడు. ఇద్దరమూ మొగమొగాలు చూసుకున్నాము. బండి ఆగింది, అతను దిగిపోయినాడు.

తెల్లవారి మనుమడితో అన్నాను. "నాయన నేర్పిన ఆట తప్పు కాదురా. దాన్ని వదలొద్దు. కాని అదొక్కటే పెట్టుకుని పోవద్దు. ముందుగా నువ్వే కదిలే ఎత్తు ఒకటి నేర్చుకో."

అమెరికాలోనూ చివరికి అదే జరిగింది. వట్టి ఆప్షన్‌తో ఏ జట్టూ ఆ పెద్ద లీగును గెలవలేదు. విసరడం కూడా నేర్చినవాళ్ళ చేతిలో అదే ఎత్తు పదునెక్కింది. జాక్సన్‌కు 2019లో వచ్చిన ఉత్తమ ఆటగాడి బహుమానం 2023లో మళ్ళీ వచ్చింది. పరుగూ విసురూ రెండూ తెలిసిన జేలన్ హర్ట్స్‌తో ఫిలడెల్ఫియా 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ 40-22తో గెలిచింది.

మనుమడు ఇప్పుడు పొద్దున్నే లేచి చేత్తో తాకి వచ్చే ఎత్తు సాధన చేస్తున్నాడట. లీగు ఇంకా దూరమే. పోయిన వారం ఫోను చేసినాడు.

"తాతా, నిన్న మూడో కూతలో నేనే ముందు కదిలినా."

"పాయింటు వచ్చిందా?"

"లేదు, పట్టేసినారు. అయినా కోచ్ ఏమీ అనలేదు."

నాకు సంతోషమయింది. వచ్చే నెల నేను మధురై పోవాలి. ఈసారి రైల్లో పక్కన కూర్చున్నవారిని ముందు నేనే తెలుగులో పలకరించాలని అనుకుంటున్నాను.