యాంటీవైరస్ ఆపేయమంటే ఆపేస్తామా?

ఇంట్లోనో, షాపులోనో కంప్యూటరు ఉన్నవాళ్ళకి ఈ తంతు ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఉంటుంది. అవసరమైన సాఫ్ట్‌వేర్ ఏదో ఎక్కిద్దామని కూర్చుంటాం. సగం ఎక్కేసరికి మూల నుంచి ఓ చీటీ లేస్తుంది, ప్రమాదం ఉంది, ఆపేశాం అని. చూస్తే ఫైలు మాయం! బాగుచేసే కుర్రాడికి ఫోన్ చేస్తే వచ్చే జవాబు ఒక్కటే: "యాంటీవైరస్ ఆపేసి ఎక్కించెయ్యండి." ఆపేయాలా, వద్దా? మా అనుభవం చెబుతాను, వినండి.

మావారికి పెనుగొండలో చిన్న జిరాక్సు, డి.టి.పి. షాపు ఉంది. మధ్యాహ్నం ఆయన భోజనానికొస్తే నేను వెళ్ళి కూర్చుంటాను. మాఘమాసం వస్తోందంటే మాకు ఊపిరాడదు. శుద్ధ విదియ వాసవీ అమ్మవారి ఆత్మార్పణ దినం, దానికి కరపత్రాలు. ఆ వెంటనే పెళ్ళి ముహూర్తాలు, శుభలేఖలు. సరిగ్గా అప్పుడే పాత కంప్యూటరు మొరాయించింది. కొత్తది కొన్నాం. అందులో తెలుగు టైపు చేసే సాఫ్ట్‌వేర్ ఎక్కితే గాని పని మొదలవదు. కుర్రాడు పెన్‌డ్రైవ్ పెట్టీ పెట్టగానే యాంటీవైరస్ చటుక్కున పట్టేసింది.

"ఏం ఫర్వాలేదు పిన్నిగారూ, పది నిముషాలు ఆపేద్దాం" అన్నాడు.

"ఆగు బాబూ, అది దేన్ని పట్టుకుందో ముందు చూడు" అన్నాను.

ఎందుకన్నానంటే, షాపు కంప్యూటర్లో ఉండేవి మా కాగితాలు కావండి. ఊరివాళ్ళవి. ఆధార్ కార్డులు, పట్టాదారు పాసుపుస్తకాలు, పిల్లల మార్కుల జాబితాలు. పైగా రోజంతా ఎవరెవరి పెన్‌డ్రైవులో వచ్చి దూరుతుంటాయి. 2017 మే నెలలో 'వన్నాక్రై' అనే వైరస్ ప్రపంచమంతా చుట్టబెట్టింది. కంప్యూటర్లోని ఫైళ్ళన్నిటికీ తాళం వేసి, 300 డాలర్లు కడితేనే తీస్తానంది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దానికి చిక్కాయి. దాన్ని అడ్డుకునే మందు మైక్రోసాఫ్ట్ వాళ్ళు ఆ మార్చిలోనే ఇచ్చారు. వేసుకోని కంప్యూటర్లు దొరికిపోయాయి. పోలీసులకే అంత జరిగితే జిరాక్సు షాపు ఎంత చెప్పండి!

ఇంతకీ అది పట్టుకున్నదేమిటో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. కొత్త విండోస్ అయితే 'విండోస్ సెక్యూరిటీ' తెరవండి. అందులో 'వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్', దాని లోపల 'ప్రొటెక్షన్ హిస్టరీ' ఉంటాయి. ఏ ఫైలు, ఏ ఫోల్డర్, ఏ నేరం అన్నీ రాసి ఉంటాయి. ఫైలు మాయమైందనుకుంటాం గాని, చాలాసార్లు దాన్ని విడిగా ఓ గదిలో పెట్టి తాళం వేస్తుందంతే. వేరే కంపెనీ యాంటీవైరస్ అయినా ఇలాంటి జాబితా ఒకటి ఉంటుంది.

మా జాబితాలో 'హ్యాక్‌టూల్' అని ఉంది. అంటే డబ్బు కట్టకుండా సాఫ్ట్‌వేర్ తాళం తీసే దొంగ తాళంచెవి అన్నమాట. ఇలాంటివి చేసేవాళ్ళు ఊరికే ఎందుకిస్తారండీ? తాళంచెవితోపాటు ఇంకేదో కూడా లోపల పెట్టి పంపడం మామూలే. ఇక్కడ యాంటీవైరస్‌దే న్యాయం. మావారు గొణుక్కుంటూనే డబ్బు కట్టి అసలు కాపీ తెప్పించారు.

చిత్రం ఏమిటంటే, దాన్నీ పట్టుకుంది!

నాకు అప్పుడే కుతూహలం పుట్టింది. యాంటీవైరస్ రెండు విధాలుగా కాపలా కాస్తుందట. ఒకటి, పోలీస్ స్టేషన్లో పాత దొంగల ఫొటోలు పెట్టుకున్నట్టు, తెలిసిన వైరస్‌ల గుర్తులు పెట్టుకుని పోల్చి చూడడం. రెండోది, ఫొటో లేకపోయినా నడవడి చూసి అనుమానించడం. మన పాత డి.టి.పి. ఫాంట్లలో తెలుగు అక్షరం ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటుంది. మనం నొక్కిన ప్రతి మీటనూ మధ్యలో పట్టుకుని తెలుగుగా మార్చడమే ఆ సాఫ్ట్‌వేర్ పని. మన పాస్‌వర్డులు కొట్టేసే దొంగ ప్రోగ్రాములు చేసేదీ అదే, ప్రతి మీటనూ కనిపెట్టడం. కాపలావాడికి ఇద్దరూ ఒక్కలాగే కనిపిస్తే తప్పేముంది?

కాపలావాడు పొరపడిన సందర్భాలు పెద్దవే ఉన్నాయి. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ యాంటీవైరస్ ఏకంగా విండోస్ ఎక్స్‌పీలోని సొంత ఫైలునే వైరస్ అనుకుంది. ఎన్నో దేశాల్లో కంప్యూటర్లు ఆగి ఆగి మళ్ళీ మొదలవుతూ కూర్చున్నాయి. కాబట్టి అది చెప్పిందల్లా వేదం కాదు.

అలాంటప్పుడు ఫైలు మీద కుడి మీట నొక్కి 'ప్రాపర్టీస్' చూడండి. 'డిజిటల్ సిగ్నేచర్స్' అని ఉంటే తయారుచేసిన కంపెనీ పేరు అందులో ఉంటుంది. చిన్న కంపెనీలవాటికి ఇది ఉండకపోవచ్చు. 'వైరస్‌టోటల్' అని ఇంకొకటుంది. 2004లో స్పెయిన్‌లో మొదలై, 2012 నుంచి గూగుల్ చేతిలో ఉంది. ఫైలు అక్కడ పెడితే పదుల కొద్దీ యాంటీవైరస్‌లతో చూపించి చెబుతుంది. ఒకటో రెండో అనుమానపడి, మిగతావన్నీ ఊరుకుంటే పొరపాటు పడ్డాయనుకునే అవకాశం ఎక్కువ. సాఫ్ట్‌వేర్లు పెట్టండి గాని, ఆధార్ కాపీల్లాంటివి మాత్రం అక్కడ పెట్టకండి. పెట్టినవి ఇతరులు కూడా చూడవచ్చు.

మాది తేలాక, యాంటీవైరస్‌ను ఆపకుండా ఆ సాఫ్ట్‌వేర్ ఉండే ఒక్క ఫోల్డర్‌నే 'ఎక్స్‌క్లూజన్స్' లో చేర్చాం. పాలవాడి కోసం గేటు తియ్యడం వేరు, గేటే పీకెయ్యడం వేరు కదండీ. అందులో చేర్చిన చోటును అది ఇక చూడదు. అందుకని డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌నీ, సి డ్రైవ్‌నీ పొరపాటున కూడా చేర్చకండి. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి నడపడం కూడా వద్దు. తోడికోడళ్ళని ఊరికే అంటారు గాని, ఇవి నిజంగానే కొట్టుకుంటాయి.

మీ అమ్మాయో, కోడలో ఇంటి నుంచి పనిచేసే ఆఫీసు లాప్‌టాప్ అయితే ఇవేవీ చెయ్యనే వద్దు. ఆ మీటలన్నీ కంపెనీ వాళ్ళ చేతిలోనే ఉంటాయి. ప్రొటెక్షన్ హిస్టరీని ఫొటో తీసి వాళ్ళకి పంపిస్తే వాళ్ళే చూసుకుంటారు.

ఇదంతా తేలేలోగా కరపత్రాలు ఆగలేదు లెండి. విండోస్‌లోనే తెలుగు ఉంది, ఎక్స్‌పీ కాలం నుంచే గౌతమి అనే ఫాంటు వస్తోంది. 2019 నుంచి ఇంగ్లీషు మీటలతో ఉచ్చారణ ప్రకారం కొట్టే కీబోర్డు కూడా ఇచ్చారు. కరపత్రాలు దాంతో కానిచ్చాం. శుభలేఖల పాత నమూనాలు మాత్రం పాత ఫాంట్లలోనే తెరుచుకుంటాయి. అవి నాలుగు రోజులు ఆలస్యమయ్యాయి. ఒక పెళ్ళివారు అలిగారు గాని, మావారు వాళ్ళకి కవర్ల మీద పేర్లు ఊరికే అచ్చువేసి ఇచ్చారు.

ఆ ఫైలును యాంటీవైరస్ కంపెనీ వాళ్ళకి కూడా పంపించాం, ఇది దొంగ కాదు, చూడండి అని. కొన్నాళ్ళకి కొత్త అప్‌డేట్ వచ్చింది. 'ఎక్స్‌క్లూజన్స్' లోంచి మా ఫోల్డర్ తీసేసి చూశాం. ఈసారి అరవలేదు.