ఏది పైన, ఏది కింద

మా మేనల్లుడు ఫోన్లో ఏదో అంతరిక్ష యుద్ధం ఆడుతున్నాడు. తెర మీద ఒక పచ్చ బాణం. ఎటు తిరగాలో, ఎవర్ని కాల్చాలో అన్నీ అదే చూపిస్తోంది. "ఆ బాణం తీసేసి ఆడరా" అన్నాను. "తీసేస్తే దారెలా తెలుస్తుంది మామయ్యా?" అన్నాడు. తెలియకపోవడమే కదరా ఆటంటే! పైకి అనలేదు గానీ ఆ పూట కాఫీ రుచించలేదు.

1995లో వచ్చిన 'డిసెంట్' ఆడినవాళ్లకి నా బాధ అర్థమవుతుంది. చందమామ దగ్గర మొదలుపెట్టి ప్లూటో ఉపగ్రహం కేరన్ దాకా గనులు. వాటిలో పనిచేసే రోబోలకు వైరస్ సోకి పిచ్చెక్కింది. చిన్న ఓడలో లోపలికి దూరి, నీలం, పసుపు, ఎరుపు తాళంచెవులు వెతుక్కుని, చిక్కుకున్నవాళ్లను ఎక్కించుకుని, రియాక్టర్ పేల్చి, గని కూలేలోపు బయటపడాలి. అంతే కథ. కథ కోసం ఎవరాడారు గనక!

అంతకుముందు 1993లో వచ్చిన 'డూమ్'లో తలెత్తి కప్పు చూసే వీలైనా లేదు. ఇందులో ముందుకీ వెనక్కీ, పక్కలకీ, పైకీ కిందకీ జరగొచ్చు. ముక్కు ఎత్తొచ్చు, దించొచ్చు, ఓడను గిర్రున పొర్లించొచ్చు. నాలుగు మలుపులు తిరిగేసరికి నేలేదో కప్పేదో మరిచిపోతాం. ట్యాబ్ నొక్కితే మ్యాపు వచ్చేది, ఉత్త గీతలతో అల్లిన పిచ్చుకగూడులా. అది చూశాక ఉన్న కాస్త తెలివీ పోయేది. మా పెద్దనాన్న కొడుకు, ఘాట్ రోడ్డు బస్సులో కూడా తొణకని మనిషి, పావుగంట నా వెనక నిలబడి చూసి, బయటికెళ్లి మెట్ల మీద కూలబడ్డాడు. ఓడ దానంతటదే నిటారుగా సర్దుకునే సదుపాయం ఉండేది లెండి. అది పెట్టుకుని ఆడినవాళ్లు మంచివాళ్లే అయ్యుండొచ్చు, వాళ్లతో నాకు మాటల్లేవు.

మాకు దక్కింది ఉచితంగా పంచిన మొదటి ఏడు లెవెళ్లే. ఫైళ్లను కుదించే ఏఆర్‌జే ప్రోగ్రాంతో ముక్కలు చేసి, ఫ్లాపీల్లో మోసుకొచ్చి, కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎక్కించాం. చెప్పులు బయట విప్పి ఏసీ గదిలోకి వెళ్లేవాళ్లం. ఫీజు కట్టింది ఫాక్స్‌ప్రో అనే డేటాబేస్ పాఠాల కోసం. ఏడో లెవెల్లో పెద్ద రోబో ఒకటి, కొడితే మాయమై ఇంకోచోట తేలేది. మూడు వారాలు తిప్పలు పెట్టి ఒక శనివారం సాయంత్రం పడింది. సెకన్ల లెక్క మొదలైంది, ఓడ వణుకుతోంది. దారి నాకు తెలుసు. మూడు వారాలు గోడలకు గుద్దుకుని నేర్చుకున్న దారి. పదకొండు సెకన్లుండగా బయటి తలుపు కనబడింది.

సారు వచ్చి స్విచ్చి కట్టేశాడు.

"టైమైపోయింది బాబూ" అన్నాడు. గోడ గడియారంలో ఇంకా నాలుగు నిమిషాలుంది. అదే చెప్పాను. "షట్‌డౌన్‌కి పడుతుందిగా" అన్నాడు. డాస్‌కి షట్‌డౌనేమిటండీ! మీట నొక్కితే ఆగిపోయే దానికి నాలుగు నిమిషాలా? కంప్యూటర్ నేర్పే మనిషి ఆ మాట అనొచ్చా? పోనీ మర్నాడైనా ఆ నాలుగు నిమిషాలు కలిపిచ్చాడా అంటే, ఆదివారం సెలవు, సోమవారం నుంచి ఆటలు బంద్ అని కాగితం అంటించాడు.

మొన్న ఒక పెళ్లి భోజనాల్లో ఎదుటి వరసలో కనిపించాడు. జుట్టంతా తెల్లబడింది. నన్ను గుర్తుపట్టలేదు. పెరుగు కోసం అటూ ఇటూ చూస్తున్నాడు పాపం. బకెట్టు నా చేతిలో లేదు.