నమ్మిక

నా భార్యకు తల్లి పెట్టిన కాసులపేరును నేను తాకట్టు పెట్టి యారేండ్లు గడచినవి. ఒక స్నేహితుని యప్పునకు హామీ సంతకము చేసితిని, అతడు తీర్పలేకపోయెను, బాకీ నా మెడకు చుట్టుకొనెను. ఇంతవరకు లోకములో నిత్యము జరుగునదే. ఆనాడే యింటిలో చెప్పియుండిన యెడల నొకపూట కన్నీళ్లతో, వారము దినముల మౌనముతో పోయెడిది. నేను చెప్పలేదు. మరునెలలో ఆమె తమ్ముని కూతురి పెండ్లి వచ్చెను. కాసులపేరు తెచ్చిపెట్టుమని యామె యడుగగా, లాకరు తాళపుచెవి కనబడుట లేదంటిని.

ఆమె రెండు దినము లిల్లంతయు వెదకెను. పరుపులు దులిపెను, బియ్యపు డబ్బాలు బోర్లించెను, దేవుని గూటిలో చేయి పెట్టి తడవెను. నేనును ఆమె ప్రక్కనే నిలిచి వెదకితిని. తాళపుచెవి నా కార్యాలయపు సంచిలో నుండెను. పెండ్లికి ఆమె ముత్యాలదండతో వచ్చి, అడిగినవారి కందరికిని తాళపుచెవి పోయినదని తానే చెప్పుకొనెను. నా యబద్ధమును మోయు పని కూడ నామెకే పెట్టితిని.

రెండు నెలలకు బీరువా సర్దుచుండగా తాకట్టు రశీదు బయటపడెను. దానిమీది మొత్తమును గూర్చి యామె యొక్క మాటయు ననలేదు. తేదీని మాత్రము రెండు మారులు చదివెను. “అప్పటికే లేదన్నమాట. మరి నాతో కలిసి వెదకినా రెందుకు?” అని యడిగెను. దానికి నేటికిని నాయొద్ద జవాబు లేదు.

పదునొకండు నెలలకు సొమ్ము విడిపించి తెచ్చి యామె చేతిలో పెట్టితిని. లెక్క సరిపోయినదని నా యుద్దేశము. కాని నాటినుండి తాళపుచెవి యామె యొద్దనే యున్నది. బ్యాంకునుండి నా ఫోనునకు వచ్చు సందేశములను తాను చూచుచుండెను. ఇంటికి ఆలస్యముగా వచ్చెదనని నే నన్నచో, ఒక క్షణము నా మొగమువంక చూచిగాని తల యూపదు. కొన్నాళ్లకు నాకు కోపము వచ్చెను. “క్షమించితినని నీవే యంటివి గదా, మరి యీ కాపలా యేమి?” అంటిని. “క్షమించితిని. నమ్ముట నా చేతిలో లేదు” అనెను. మా మేనత్త యొకతె సంగతి తెలిసికొని, కట్టుకొన్నవానిని కావలి కాయుట యే యింటి మర్యాద యని యామెనే మందలించెను. నేను వినుచు నూరకుంటిని. ఆ మౌనమును నా తప్పుల లెక్కలోనే వ్రాసికొనవలెను.

ఆమె చెప్పినది నిజమా, మొండితనమా యని తేల్చుకొనుటకై మెదడును గూర్చిన గ్రంథములు చదువ మొదలిడితిని. నా పక్షమున సాక్ష్యము దొరకునన్న యాశ లేకపోలేదు. దొరకినది వేరు. 1911లో జెనీవా నగరమునందలి క్లాపరేడ్ అను పండితుడు, జ్ఞాపకశక్తి నశించిన యొక రోగిని గూర్చి వ్రాసెను. ఆమె నిత్యము తన్ను చూచు వైద్యులనే గుర్తింపజాలదు. ఆయన యొకనాడు వ్రేళ్ల సందున సూది దాచి యామెతో కరచాలనము చేసెను. ఆ నొప్పిని ఆమె త్వరలోనే మరచెను. కాని తరువాత నాయన చేయి చాచగా, ఆమె తన చేతిని వెనుకకు లాగుకొనెను. గ్రుచ్చిన సంగతి యామెకు జ్ఞాపకము లేదు. ఆమె చేతికి జ్ఞాపకమున్నది. నా భార్య మాట నే నా పుటయొద్ద మరల వింటిని.

మెదడు లోపల బాదముగింజ యాకారముగల భాగము చెరియొక ప్రక్క నొకటి చొప్పున రెండు కలవు. అమిగ్డలా యని వాని పేరు. ఈ రెండును చెడిపోయిన రోగులు, ఇతరులు సంశయించు మొగములను కూడ నమ్మదగినవిగా నెంచిరని 1998లో పరిశోధకులు ప్రకటించిరి. కాబట్టి సంశయించుట మెదడునకు జబ్బు కాదు. అది లేకపోవుటయే జబ్బు.

మరియొక పరిశోధన నన్ను మిక్కిలి సిగ్గుపరచినది. ఎదురుచూచినదానికిని జరిగినదానికిని గల భేదమును బట్టి మెదడు మనుష్యులను గూర్చి నేర్చుకొనును. కాడేటు అను భాగమున కిందులో ముఖ్యమైన పాత్ర కలదు. 2005లో అమెరికాలో కొందరిచేత డబ్బుతో నొక యాట ఆడించి, ఎదుటి యాటగాడు మంచివాడని ముందుగా చదివించిరి. అతడు సరిగా నడచినను, మోసగించినను ఆ భాగమునందలి స్పందనలో భేదము మిక్కిలి తగ్గిపోయెను. మంచిపేరు వినియున్నవాని తప్పును మెదడు సరిగా నమోదు చేసికొనలేదన్నమాట. పదునేడేండ్ల కాపురములో నే నార్జించిన మంచిపేరు చాటుననే నా యబద్ధము రెండు నెలలు నిలిచెను. నేను దొంగిలించినది బంగారము కాదేమో.

2006లో వెలువడిన వేరొక పరిశోధనలో, కేవలము చెడుగా నడచినవానిని, తరువాత వరుసగా సరిగా నడచినచో, ఆటగాండ్రు మరల నమ్మిరి. అబద్ధపు మాటతో వంచించి చెడుగా నడచినవాని విషయమున మాత్రము, క్షమాపణయు, వాగ్దానమును, సత్ప్రవర్తనమును గూడినను, నమ్మిక పూర్వస్థితికి రాలేదు. ప్రయోగశాలలోని యాటయు కాపురమును ఒకటి కావని నేనెరుగుదును. అయినను ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ముక్కులోనికి ఆక్సిటోసిన్ అను రసమును చిమ్మిన నమ్మిక పెరుగునని 2005లో జ్యూరిచ్ నుండి వచ్చిన వార్త లోకమంతట పాకెను. ఇతరులు మరల పరీక్షింపగా ఆ ఫలితము నిలకడగా కనబడలేదు. మంచిదే. నా బోటి మగవారు సీసాలకొద్ది కొని యింటింట చిమ్మియుందురు.

ఈ యాటలకు మూలమైనది 1995 నాటిది. ఒకని చేతిలో పది డాలర్లుంచి, ఇష్టమైనంత ఎదుటివానికి పంపుమందురు. పంపినది మూడింతలగును, అతడు మరల కొంత యిచ్చినను, ఇయ్యకున్నను అడుగువారు లేరు. ఇందులో నాకు ముఖ్యముగా తోచినది, మొదటివాడు ఒక్క డాలరును పంపకుండ నుండవచ్చుననుట. ఆ స్వేచ్ఛ యున్నది గనుకనే, అతడు పంపినచో దానిని నమ్మిక యందుము. మన గృహములలో స్త్రీల కిట్టి స్వేచ్ఛ యుండెనా? స్త్రీధనము స్త్రీ సొత్తేయనియు, ఆమె తన కప్పగించినదానిని కాజేసిన భర్త నమ్మకద్రోహమను నేరమునకు గురియగుననియు సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి వ్యాజ్యమున తీర్పు చెప్పెను. చట్టమట్లున్నను తాళపుచెవి నా సంచిలోనే యుండెను. ఆమె యడుగవలె, నేను తీయవలె. పదునేడేండ్లు నేను నమ్మికయని మురిసినదానిలో, వేరు దారిలేమి యెంత, నమ్మిక యెంతయో యిప్పుడు విడదీయలేకున్నాను. నేడామె నన్ను గమనించుచున్నది, అప్పుడప్పుడు నమ్ముచున్నది. నమ్మినప్పుడు తానై నమ్ముచున్నది.

మేనత్త యీ సంక్రాంతికి మరల వచ్చెను. కాపలా యింకను సాగుచున్నదా యని యడుగగా, “నేనే కాయుమంటిని” అని యీ సారి బదులు చెప్పితిని. ఆ మాట పూర్తిగా నిజము కాదు. ఆమె వెళ్లిన పిమ్మట నా భార్య ఆ సంగతి యెత్తి, “అదియు నబద్ధమే గదా” అనెను. అవునంటిని.

మొన్న వీధితలుపు తాళపుచెవిని నిజముగానే ఎక్కడనో పెట్టి మరచితిని. “కనబడుట లేదు” అని వంటయింటివైపు చెప్పి, నా గొంతు విని నేనే యులికిపడితిని. ఆమె చేయి తుడుచుకొనుచు వచ్చి గుమ్మములో నిలిచి నా మొగమువంక చూచెను. “నిజముగానేనా?” అనెను. “నిజముగానే” అంటిని. మరికొంత తడవు చూచి, దీపము వేసి, వంగి మంచముక్రింద వెదక మొదలిడెను. నేను పరుపు ఎత్తి పట్టుకొంటిని.