సినిమా చెప్పని మాట

మార్చి 4 వస్తోందంటే నాకు ఓ చూపుడువేలు గుర్తొస్తుంది. జాతీయ భద్రతా దినోత్సవం ఆ రోజే మరి!

2003లో హైదరాబాద్ శివార్లలోని ఓ వర్క్‌షాపులో నేను సూపర్‌వైజర్ని. ఆ రోజు అందర్నీ క్యాంటీన్లో కూర్చోబెట్టి భద్రతమీద వీసీడీ వేయడం నా బాధ్యత. అరగంట ఇంగ్లిష్ సినిమా. హెల్మెట్ పెట్టుకోండి, కళ్లద్దాలు పెట్టుకోండి, గ్లవ్స్ వేసుకోండి... తెరమీద మేమెప్పుడూ చూడని యంత్రాలు. సగంమంది కునుకు తీసేవాళ్లు. తర్వాత సమోసా, టీ, రిజిస్టర్లో సంతకాలు. అక్కడితో నా పని అయిపోయిందనుకునేవాణ్ని.

ఆ ఏడాది కొత్తగా చేరిన ఓ కుర్రాడు మాత్రం రెప్పవేయకుండా చూశాడు. మర్నాడు స్టోర్లో గ్లవ్స్ అడిగి తెచ్చుకుని డ్రిల్లింగ్ మిషన్ ముందు నిలబడ్డాడు. అటుగా వెళుతూ నేను 'శభాష్' అన్నాను కూడా. మధ్యాహ్నానికి కేక వినపడింది. ఇనప తురుము తీయబోతే గ్లవ్ అంచు తిరుగుతున్న బిట్‌కు చుట్టుకుంది. నిమిషానికి 600 చుట్లంటే సెకనుకు పది. చెయ్యి వెనక్కి లాక్కునే వ్యవధి ఎక్కడిది?

ఆస్పత్రిలో అడిగాను, 'డ్రిల్లింగ్ దగ్గర గ్లవ్స్ ఎందుకేసుకున్నావురా?' అని.

'మీరు చూపించిన సినిమాలో వేసుకోమన్నారు కద్సార్!'

నా దగ్గర జవాబు లేదు. వెల్డింగ్ చేసేవాడి చేతిని కాపాడే గ్లవ్, తిరిగే యంత్రం దగ్గర అదే చేతిని లాగేస్తుంది. ఆ ముక్క సినిమా చెప్పలేదు. తెలిసిన నేనూ చెప్పలేదు.

మరుసటి ఏడాది ఓ హ్యాండీక్యామ్ అద్దెకు తెచ్చి మేమే పది నిమిషాల సినిమా తీశాం. మా యంత్రాలు, మా మనుషులు, మా తెలుగు. దూది కుక్కిన గ్లవ్‌ను పొడవాటి కర్రకు కట్టి తిరిగే బిట్‌కు తాకిస్తే, చూస్తుండగానే మెలితిరిగి చుట్టుకుపోయింది. 'ప్లేటును చేత్తో పట్టుకోవద్దు, వైస్‌లో బిగించండి. మిషన్ ఆపాకే తురుము తీయండి, అదీ బ్రష్‌తో' అని చెప్పింది ఆ కుర్రాడే. అడగకుండానే వచ్చి, నాలుగు వేళ్ల చెయ్యి కెమెరా ముందు పెట్టాడు.

ఆ రోజు క్యాంటీన్లో ఎవరూ కునుకు తీయలేదు. 'మరి లేత్ దగ్గరో?', 'పొడుగు చేతుల చొక్కా అయితేనో?' అంటూ ఒకటే ప్రశ్నలు. టీలు చల్లారిపోయాయి.

రిజిస్టర్లో సంతకాలు పెట్టించడం ఆ ఏడాది నేనే మర్చిపోయాను.