నలభై ఏళ్లకి నాదైన కమరా

మొన్న డిసెంబర్‌లో విశాఖ ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా సముద్రం పక్కనే నడిచాను. సుమారు 25 కిలోమీటర్లు, రెండు రోజులు, ఒక రాత్రి. అకేలీ. ఇట్లాంటి సఫర్ నాకిదే మొదలు. గుంటూరులో రైలెక్కేముందు "తోడెవరూ లేకుండానా? దిమాగ్ ఖరాబ్ హువా క్యా?" అంది అమ్మీ. అంటూనే చపాతీలు, నింబూ అచార్ కట్టిచ్చింది. వీపున ఖైమా, దుప్పటి, జానమాజ్, 3 లీటర్ల నీళ్లు.

సమందర్ పక్కన నడక అనుకున్నంత ఆసాన్ కాదు. పొడి ఇసుకలో అడుగు దిగబడి పిక్కలు పట్టేస్తాయి. ఆటు వేళ నీరు వెనక్కెళ్లిన తడి ఇసుక గట్టిగా ఉంటుంది, దానిమీదే నడవాలి. ఒడ్డు వాలుగా ఉంటుంది గనుక కుడికాలు ఎప్పుడూ పల్లంలోనే. రాళ్లు అడ్డొచ్చినచోట రోడ్డెక్కాను. రుషికొండ దాటేసరికి నా నీడ సముద్రం వైపు సాగింది.

మంగమారిపేట దగ్గర వల సర్దుతున్న పెద్దావిడని, ఈ రాత్రికి ఇక్కడ పడుకోవచ్చా అని అడిగాను. నా దుపట్టానీ, మూటనీ చూసింది. "ఒక్కద్దానివేనా అమ్మా? భయం నేదేటి? గాలెక్కువ, ఆ తెప్పల చాటున ఏసుకో."

ఇషాకి నిలబడ్డాను. మన కోస్తాలో సముద్రం తూర్పు, కిబ్లా పడమర. అలల చప్పుడంతా వెనక నుంచే. ముసాఫిర్‌ని కాబట్టి నాలుగు ఫర్జ్ రకాత్‌లు రెండే చదివి, లోపలికెళ్లి జిప్ వేశాను.

అప్పుడు తట్టింది. చిన్నప్పుడు దాదీ పక్కన, తర్వాత చెల్లెళ్ల మధ్య, షాదీ అయ్యాక పిల్లల మధ్య పడుకున్నాను. మన ఇళ్లల్లో ఎంతమంది ఆడవాళ్లది ఇదే కథ! నా ఒక్కదానికోసం గడియ పెట్టుకున్న రాత్రి ఒక్కటీ లేదు. ఏడడుగుల ఈ గుడ్డగదే నా మొదటి కమరా. ఖౌఫ్ లేదని అనను, కుక్క మొరిగినప్పుడల్లా లేచాను. ఎవరికో మంచినీళ్లు ఇవ్వడానికి మాత్రం లేవలేదు.

ఫజర్ అయ్యాక మళ్లీ బయల్దేరాను. ఎర్రమట్టి దిబ్బల మీద ఎండ పడింది. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట కాళ్లు కడుక్కుని ఇంటికి ఫోన్ చేశాను.

ఖైమా ఇప్పుడు అల్మారా మీద ఉంది. ఇద్దరం పడతామా అని అడిగింది బేటీ. పట్టం అన్నాను. తనకి వేరేది కొంటాను.